జూదశాల, రాజకోశం, ఉపాధి: అట్లాంటిక్ సిటీ అనుభవం నేపథ్యంలో ఒక విధాన విమర్శ

సారాంశం

కాసినోలను విస్తరిస్తే ప్రభుత్వ ఖజానాకు రాబడి, స్థానికులకు ఉపాధి ఏకకాలంలో సమకూరుతాయన్న వాదం గత అర్ధశతాబ్దంగా అమెరికా రాష్ట్రాలలో ప్రభుత్వ విధానంగా స్థిరపడింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీ దీనికి తొలి ప్రయోగశాల. ఆ నగర అనుభవం ఆధారంగా ఈ వాదంలోని రెండు అంగాలను విడివిడిగా పరీక్షించడం ఈ వ్యాస ఉద్దేశం. ప్రారంభంలో జంటగా వినిపించే రాబడి, ఉపాధి అనే హామీలు కాలక్రమంలో విడిపోతాయని, అప్పుడు ప్రభుత్వం ఉపాధిని వదిలి రాబడినే పట్టుకుంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మద్యం రాబడి విషయంలో తెలుగు సమాజం గడించిన అనుభవంతో దీనిని పోల్చి, ఇటువంటి ప్రతిపాదనలను అంచనా వేయడానికి కొన్ని ప్రమాణాలను సూచిస్తుంది.

కీలకపదాలు: కాసినో విధానం, ప్రభుత్వ రాబడి, నికర ఉపాధి, అట్లాంటిక్ సిటీ, అర్థశాస్త్రం, ఆబ్కారీ.

1. ఉపోద్ఘాతం

పాలకులు జూదం నుంచి రాబడి పొందడం ఆధునిక కాలపు ఆవిష్కరణ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలోని ఇరవయ్యవ అధ్యాయం ద్యూతాధ్యక్షుని విధులను వివరిస్తుంది. జూదమంతా ఒకే నియత స్థలంలో జరగాలి. గెలిచిన ధనంలో నూటికి ఐదు వంతులు అధ్యక్షుడు తీసుకోవాలి. పాచికల అద్దె, నీటికీ స్థలానికీ రుసుము అదనం. అయితే జూదాన్ని ఒకేచోట ఆడించడానికి కౌటిల్యుడు చెప్పిన కారణం గమనార్హం. రహస్య వృత్తులతో బతికే వారిని కనిపెట్టడానికే ఆ ఏర్పాటు. అంటే అది ప్రధానంగా నిఘా. రాబడి దానికి అనుబంధం. జూదశాల వల్ల జనపదం అభివృద్ధి చెందుతుందని కౌటిల్యుడు ఎక్కడా అనలేదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం జూదాన్ని రాజ్యం నుంచే తొలగించమంది. ఒకరు నియంత్రించమన్నారు, ఒకరు నిషేధించమన్నారు. ఇద్దరూ జూదాన్ని పాలకుడు అదుపులో ఉంచవలసిన విషయంగానే చూశారు.

ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగంలో ఈ దృష్టి మారింది. జూదశాల నగర పునర్నిర్మాణ సాధనమైంది, ఉపాధి పథకమైంది, పెన్షనర్లకు ఆసరా అయింది. అనుమతించే చర్య పాతదే. దానికి చెప్పే కారణం మాత్రం కొత్తది. కాబట్టి విమర్శ పరిశీలించవలసింది ఆ కారణాన్నే. ఈ వ్యాసం జూదం నైతికమా అనైతికమా అన్న చర్చలోకి వెళ్లదు. విధానం తనకు తానుగా పెట్టుకున్న లక్ష్యాలతోనే దానిని కొలుస్తుంది.

2. వాదం రూపుదిద్దుకున్న తీరు

అట్లాంటిక్ సిటీ పంతొమ్మిదవ శతాబ్దిలో సముద్రతీర విహార కేంద్రంగా ఎదిగింది. 1930లో అక్కడి జనాభా 66,198. విమాన ప్రయాణాలు చౌకయ్యాక విహారయాత్రికులు దూరతీరాలకు మళ్లారు. 1970 నాటికి జనాభా 47,859కి తగ్గింది. 1964లో డెమొక్రటిక్ పార్టీ జాతీయ సమావేశం అక్కడ జరిగినప్పుడు శిథిలమవుతున్న హోటళ్లను దేశమంతా చూసింది.

రాష్ట్రంలో కాసినోలను అనుమతించాలన్న ప్రతిపాదన 1974 ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిపోయింది. రెండేళ్ల తరువాత 1976 నవంబరులో అదే ఓటర్లు దానిని ఆమోదించారు. ఈ రెండేళ్లలో కాసినో మారలేదు, ప్రతిపాదన చట్రం మారింది. మొదటిది, కాసినోలు అట్లాంటిక్ సిటీకే పరిమితమన్నారు. రెండవది, పన్ను రాబడిని వృద్ధులకు, వికలాంగులకు ప్రత్యేకించారు. మొదటి షరతు కాసినోను ఓటరు ఇంటికి దూరంగా ఉంచింది. రెండవది దాని రాబడిని అతని ఇంటికి దగ్గర చేసింది. 1977 నాటి కాసినో నియంత్రణ చట్టం కాసినోను ఆ నగర పునర్నిర్మాణానికి ఒక విశిష్ట సాధనంగా వర్ణించింది. 1978 మే నెలలో తొలి కాసినో తెరుచుకుంది. నెవాడా రాష్ట్రం వెలుపల అమెరికాలో చట్టబద్ధంగా నడిచిన మొదటి కాసినో అదే.

రాబడిని ఒక సత్కార్యానికి ప్రత్యేకించడంలోని మెలికను ఇక్కడే గుర్తించాలి. ఖజానాలో చేరిన డబ్బుకు పేరు ఉండదు. వృద్ధుల పథకాలకు కాసినో నిధి నుంచి డబ్బు వస్తే, అంతకుముందు అందుకు వెచ్చించే సాధారణ నిధిని వేరొకదానికి మళ్లించవచ్చు. అందువల్ల ప్రత్యేక నిధి ఉన్నంత మాత్రాన లబ్ధిదారులకు అంత మేరకు అదనంగా అందిందని చెప్పలేము. ఆ ఏర్పాటు వల్ల తప్పనిసరిగా సమకూరేది ఒక్కటే. కాసినో రాబడిని తగ్గించే ఏ చర్య అయినా వృద్ధుల నోటి దగ్గర కూడు తీసినట్లు కనిపిస్తుంది.

3. రాబడి: ఎవరి డబ్బు, ఎంత కాలం?

న్యూజెర్సీ కాసినోల స్థూల ఆదాయంపై 8 శాతం పన్ను విధించింది. దానికి తోడు 1.25 శాతం పునఃపెట్టుబడి బాధ్యత ఉంది. ఆ నిధిని నిర్వహించడానికి 1984లో ఒక ప్రాధికార సంస్థను ఏర్పరచారు. కాసినోల ఆదాయం పెరుగుతూ పోయి 2006లో సుమారు 520 కోట్ల డాలర్లకు చేరింది. ఈ అంకెను మాత్రమే చూస్తే విధానం సఫలమైనట్లే.

ఈ ఆదాయం ఎక్కడి నుంచి వచ్చింది? ఆటగాళ్లలో అధిక భాగం ఫిలడెల్ఫియా, న్యూయార్క్ ప్రాంతాల నుంచి బస్సులలోనూ కార్లలోనూ వచ్చి ఆ రోజే తిరిగి వెళ్లేవారు. కాబట్టి న్యూజెర్సీకి చేరిన రాబడిలో గణనీయమైన భాగం పొరుగు రాష్ట్రాల కుటుంబాలు తమ ఊళ్లలో ఖర్చు చేయవలసిన సొమ్ము. ఒక రాష్ట్రం లెక్కలో అది లాభం. ఆ ప్రాంతమంతటినీ కలిపి చూస్తే అది చేతులు మారిన ధనం. పొరుగువారు చూస్తూ ఊరుకోరు గదా. డెలావేర్ 1995లో గుర్రప్పందేల మైదానాలలో స్లాట్ యంత్రాలను ప్రవేశపెట్టింది. పెన్సిల్వేనియా 2004లో చట్టం చేసింది. అక్కడి తొలి స్లాట్ యంత్రాల కేంద్రం 2006 నవంబరులో తెరుచుకుంది. మేరీలాండ్‌లో 2010లో, న్యూయార్క్ నగరపు ఆక్విడక్ట్ మైదానంలో 2011లో ఇవే యంత్రాలు వచ్చాయి. ప్రతి రాష్ట్రమూ ఒకే కారణం చెప్పింది: మన డబ్బు పొరుగు రాష్ట్రానికి పోతున్నది, దానిని ఇక్కడే నిలుపుకుందాం.

అట్లాంటిక్ సిటీ ఆదాయం 2006 తరువాత దశాబ్దం తిరగకుండానే సగానికి పడిపోయింది. దీనికి ఆర్థిక మాంద్యం కొంత కారణమే. కానీ మాంద్యం తొలగినా ఆదాయం కోలుకోకపోవడం అసలు కారణాన్ని చూపుతుంది. ఈ విధానం ఏకస్వామ్యం ఉన్నంత కాలమే ఫలిస్తుంది. ఆ ఫలితమే పొరుగువారిని అనుకరణకు పురికొల్పుతుంది. అనుకరణ ఏకస్వామ్యాన్ని చెరిపివేస్తుంది. అంటే విధానం విఫలం కావడానికి కారణం దాని సాఫల్యంలోనే ఉంది.

రాబడి తగ్గినప్పుడు ప్రభుత్వం ఏమి చేసిందన్నది అంతకన్నా ముఖ్యం. వెనకకు తగ్గలేదు. 2013 నవంబరులో ఆన్‌లైన్ జూదాన్ని 15 శాతం పన్నుతో ప్రారంభించింది. క్రీడాపందేలపై ఉన్న కేంద్ర నిషేధాన్ని న్యాయస్థానంలో సవాలు చేసి 2018లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఈ మార్పులో 1976 నాటి రెండు షరతులలో మొదటిది కరిగిపోయింది. ఒక నగరానికే పరిమితమన్న జూదం రాష్ట్రంలోని ప్రతి ఇంటి చేతిఫోనులోకి వచ్చింది. కంప్యూటర్ సర్వర్లు చట్టం ప్రకారం అట్లాంటిక్ సిటీలోనే ఉన్నాయి. పేక పంచే మనిషి, గది ఊడ్చే మనిషి, వంట వండే మనిషి మాత్రం ఈ ఆటకు అవసరం లేదు. రాబడి, ఉపాధి విడిపోయాయని ఈ వ్యాసం అంటున్నది ఈ అర్థంలోనే.

4. ఉపాధి: స్థూలం, నికరం

ఉపాధి హామీ పూర్తిగా బూటకమనడం న్యాయం కాదు. 1990 దశకం చివరి నాటికి అట్లాంటిక్ సిటీ కాసినోలలో నలభై వేలకు పైగా ఉద్యోగాలుండేవి. నగర జనాభా కూడా ఇంచుమించు అంతే. కార్మిక సంఘాల బలం వల్ల హోటల్ సిబ్బందికి చెప్పుకోదగిన వేతనాలు, ఆరోగ్య సదుపాయాలు లభించాయి. చదువు తక్కువైనవారికి, వలస వచ్చినవారికి అవి విలువైన ఉద్యోగాలు.

అయినప్పటికీ ఒక ప్రశ్న మిగిలి ఉంది. తలకొక ఉద్యోగం చొప్పున ఉన్న నగరం పేదగా ఎందుకు మిగిలింది? 2010 నాటికి జనాభా 39,558. వారిలో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారి నిష్పత్తి తరువాతి సంవత్సరాలలో మూడోవంతు వరకు ఉంది. ఉద్యోగుల్లో చాలామంది నగరం బయటి పట్టణాలలో నివసించడం ఒక కారణం. కాసినో నిర్మాణమే మరొక కారణం. కాసినో తన కప్పు కిందే భోజనశాల, హోటలు, దుకాణం, వినోదశాల, వాహనాల నిలుపుదల అన్నీ సమకూర్చుకుంటుంది. వచ్చినవాడు బయటికి పోకుండా భోజనమో గదో ఉచితంగా ఇస్తుంది. వీధిలోని చిన్న హోటలుకు ఇది కొత్త గిరాకీ తెచ్చిపెట్టే వ్యాపారం కాదు, ఉన్న గిరాకీని లాక్కునే పోటీ. కాసినోలో పుట్టిన ఉద్యోగాన్ని లెక్కించినవారు వీధిలో పోయిన ఉద్యోగాన్నీ లెక్కించాలి. స్థూల సంఖ్యకు, నికర సంఖ్యకు తేడా అదే.

వ్యతిరేక సాక్ష్యాన్ని కూడా పరిశీలించాలి. 1988 నాటి కేంద్ర చట్టం తరువాత ఆదివాసీ తెగలు తమ భూములలో నడిపిన కాసినోలను విలియం ఎవాన్స్, జూలీ టోపొలెస్కీ 2002లో అధ్యయనం చేశారు. కాసినో తెరచిన నాలుగేళ్లకు ఆ తెగల ప్రాంతాలలో ఉపాధి 26 శాతం పెరిగిందని, యువజనులు తిరిగి వచ్చి జనాభా 12 శాతం పెరిగిందని వారు తేల్చారు. అదే అధ్యయనం పరిసర కౌంటీలలో దివాలాలు, దొంగతనాలు, హింసాత్మక నేరాలు సుమారు 10 శాతం పెరిగాయని కూడా చెప్పింది. ఈ ఫలితం కాసినో అనుకూల వాదానికి బలమైన ఆధారం. అయితే దాని షరతులను గమనించాలి. యాజమాన్యం తెగదే, లాభం తెగదే. అప్పటికే ఉన్న స్థానిక వ్యాపారం స్వల్పం. వచ్చే ఆటగాళ్లు బయటివారు. ఈ షరతులు లేని చోట ఇదే ఫలితాన్ని ఆశించడానికి ఆధారం లేదు.

2014 సంవత్సరం ఉపాధి వాదానికి కఠిన పరీక్ష. ఆ ఒక్క ఏడాదిలో పన్నెండు కాసినోలలో నాలుగు మూతపడ్డాయి. సుమారు ఎనిమిది వేల మంది ఉద్యోగాలు కోల్పోయారు. మూతపడిన వాటిలో రెవెల్ ఒకటి. సుమారు 240 కోట్ల డాలర్ల వ్యయంతో కట్టిన ఆ కాసినో 2012లో ప్రారంభమైంది. దాని నిర్మాణం మధ్యలో ఆగినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం 26.1 కోట్ల డాలర్ల పన్ను రాయితీలను ప్రకటించింది. రాబడి కోసం తెచ్చుకున్న పరిశ్రమను నిలబెట్టడానికి రాబడినే వదులుకోవడానికి సిద్ధపడిన సందర్భమిది.

ఉపాధి అనే మాట కార్మికునికి వ్యతిరేకంగా కూడా పనిచేయగలదు. న్యూజెర్సీ 2006లో మూసి ఉన్న పనిస్థలాలలో పొగతాగడాన్ని నిషేధించింది. కాసినో ఆటస్థలాలకు మినహాయింపు ఇచ్చింది. నిషేధిస్తే ఆటగాళ్లు తగ్గుతారని, ఉద్యోగాలు పోతాయని చెప్పిన కారణంతోనే ఆ మినహాయింపు కొనసాగుతూ వచ్చింది. ఎనిమిది గంటలు పొగలో నిలబడి పేక పంచే ఉద్యోగులే దానిని తొలగించమని చట్టసభను, న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఉద్యోగాన్ని కాపాడే పేరిట ఉద్యోగి ఊపిరికి రక్షణ లేకుండా చేయడం ఈ విధానంలోని వైరుధ్యాన్ని ఏ గణాంకం కన్నా స్పష్టంగా చూపుతుంది.

5. నియంత్రించే చేయి, పంచుకునే చేయి

కాసినో రాబడిని ఇతర పన్నుల నుంచి వేరుచేసే లక్షణం ఒకటుంది. ఆస్ట్రేలియా ఉత్పాదకతా సంఘం 2010 నివేదిక ప్రకారం జూద యంత్రాలపై జరిగే ఖర్చులో సుమారు 40 శాతం జూద వ్యసనంతో బాధపడే వారి నుంచే వస్తుంది. ఈ అంచనాలో హెచ్చుతగ్గులకు చోటుందని ఆ నివేదికే అంగీకరించింది. దిగువ అంచనాను తీసుకున్నా సారాంశం మారదు. వ్యసనాన్ని నిజంగా అరికడితే రాబడి గణనీయంగా పడిపోతుంది. ప్రభుత్వం ఒక చేత్తో సహాయవాణి నడుపుతూ, రెండో చేత్తో ఆ సహాయం అవసరమైన వాని నష్టంలో వాటా తీసుకుంటుంది.

ఈ సామాజిక వ్యయాన్ని ఎలా లెక్కించాలన్న దానిపై ఆర్థికవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. దివాలా, నేరం, కుటుంబ విచ్ఛిత్తి వంటి వాటిని కలిపితే వ్యయమే ప్రయోజనాన్ని మించుతుందని ఎర్ల్ గ్రినోల్స్ వాదించారు. ఇటువంటి లెక్కలలో ఒకరి నుంచి మరొకరికి మారిన ధనాన్ని కూడా వ్యయంగా చూపుతున్నారని డగ్లస్ వాకర్ ఆక్షేపించారు. ఆక్షేపణ సబబైనదే. అయితే అదే తర్కాన్ని ప్రయోజనాల పద్దుకూ వర్తింపజేయాలి. చేతులు మారిన ధనం వ్యయం కాకపోతే, పొరుగు నుంచి చేతులు మారి వచ్చిన ధనం అభివృద్ధి కూడా కాదు.

కొన్ని ప్రభుత్వాల చర్యలే ఈ నష్టాన్ని పరోక్షంగా అంగీకరిస్తాయి. సింగపూర్ 2010లో రెండు కాసినోలు తెరిచి, తన పౌరులపై రోజుకు 100 డాలర్ల ప్రవేశ రుసుము విధించింది. 2019లో దానిని 150 డాలర్లకు పెంచింది. గోవా 2020లో స్థానికుల ప్రవేశాన్ని నిషేధించింది. మన బిడ్డలకు చేటు చేసేది పొరుగువారి బిడ్డలకు అమ్మవచ్చునన్న సూత్రం ఇందులో ఇమిడి ఉంది.

అట్లాంటిక్ సిటీ నగరపాలన చివరికి కాసినో విలువపైనే ఆధారపడింది. కాసినోల ఆస్తి విలువ పడిపోగానే ఆస్తిపన్ను కూలింది. ఎక్కువ విలువ కట్టారంటూ బోర్గాటా కాసినో వేసిన దావాల ఫలితంగా నగరం 16.5 కోట్ల డాలర్లు బాకీ పడింది. 2017లో 7.2 కోట్లకు రాజీ కుదిరింది. అంతకు కొద్ది నెలల ముందు, 2016 నవంబరులో, రాష్ట్ర ప్రభుత్వం నగర ఆర్థిక నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. అదే నెలలో ఉత్తర న్యూజెర్సీకి కాసినోలను విస్తరించే ప్రతిపాదనను ఓటర్లలో నాలుగింట మూడు వంతులకు పైగా తిరస్కరించారు. నలభై ఏళ్ల క్రితం ఇదే హామీని నమ్మిన రాష్ట్రమిది.

6. తెలుగు సందర్భం

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలు పందేలు, జూదం అనే అంశాన్ని రాష్ట్రాల జాబితాలో ఉంచింది. న్యూజెర్సీ ప్రజలు ఓటేసిన 1976లోనే మహారాష్ట్ర కాసినోలను అనుమతించే చట్టం చేసింది. దానిని ఏనాడూ అమలు చేయలేదు, 2023లో రద్దు చేసింది. గోవా 1976 నాటి తన జూద నిషేధ చట్టాన్ని 1992లో సవరించి హోటళ్లలో యంత్రాలను, తరువాత నదిలోని నౌకలలో కాసినోలను అనుమతించింది. తెలుగు రాష్ట్రాలు నిషేధ మార్గంలోనే ఉన్నాయి. 1974 నాటి చట్టాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో సవరించి ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా అదే దారి పట్టింది. అందువల్ల కాసినో చర్చ మనకు తక్షణ సమస్య కాకపోవచ్చు. కానీ ఆ చర్చలోని తర్కం మనకు కొత్త కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980 దశకంలో ప్రభుత్వమే వారుణి వాహిని పేరిట సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చింది. సంక్షేమ పథకాలకు డబ్బు కావాలంటే ఆబ్కారీ ఆదాయం తప్పదన్నది నాటి సమర్థన. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం 1992లో రాష్ట్రమంతా వ్యాపించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా లోటును చూపి ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఆ ఉద్యమం ముందుకు తెచ్చిన లెక్క సాదాసీదాది. సంక్షేమం పేరిట ఇంటికి వచ్చేదెంత, సారా కొట్టు ద్వారా ఇంటి నుంచి పోయేదెంత? ఖజానా పద్దును ఇంటి పద్దుతో పోల్చి చూడడమే ఆ మహిళలు చేసిన విధాన విమర్శ. అట్లాంటిక్ సిటీ వృద్ధుల నిధికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

ఈ ఇంటి పద్దు మన సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ సభాపర్వంలో ధర్మరాజు ఒడ్డినవి అతని సొత్తు మాత్రమే కాదు. తమ్ములు, ద్రౌపది ఒక్కొక్కరుగా పణమయ్యారు. ఆడనివారు మూల్యం చెల్లించడం జూదంలోని ప్రధాన అన్యాయమని ఆ ఘట్టం చెబుతుంది. నేటి ఆర్థిక పరిభాష దీనిని బాహ్య వ్యయమంటుంది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి కాసినో విస్తరణ ప్రతిపాదనలను అంచనా వేయడానికి నాలుగు ప్రమాణాలు లభిస్తాయి. మొదటిది, రాబడిలో బయటి నుంచి వచ్చేదెంత, స్థానికుల ఇతర వ్యయం నుంచి మళ్లేదెంత అన్నది విడిగా చూపాలి. రెండవది, ఉపాధిని నికరంగా లెక్కించాలి. పోయిన ఉద్యోగాలను, ఉద్యోగ పరిస్థితులను అందులో చేర్చాలి. మూడవది, పొరుగు రాష్ట్రం అనుకరించిన తరువాత మిగిలే రాబడినే దీర్ఘకాలిక అంచనాగా తీసుకోవాలి. నాలుగవది, వ్యసనపరుల నుంచి వచ్చే వాటాను తీసివేసి చూసినప్పటికీ విధానం నిలబడుతుందా అని పరీక్షించాలి.

ఇది ఆచరణ సాధ్యం కాని కోరిక కాదు. మసాచుసెట్స్ 2011లో కాసినోలను అనుమతించిన చట్టంలోనే వాటి సామాజిక, ఆర్థిక ప్రభావాలపై నిరంతర పరిశోధనను తప్పనిసరి చేసింది. కాసినోలు తెరవక ముందే ప్రాథమిక స్థితిని నమోదు చేయించింది. ముందు కొలవకుండా తరువాత మార్పును తెలుసుకోలేమన్న సాధారణ జ్ఞానానికి అక్కడ చట్టంలో చోటు దక్కింది. అటువంటి కొలమానం లేకుండా రాబడి, ఉపాధి అనే రెండు మాటలను జంటగా ఉచ్చరించే ఏ ప్రతిపాదననైనా, అది కాసినో గురించినదైనా మద్యం గురించినదైనా, ఆ రెండింటినీ విడదీసి చదవడం విమర్శకుల కర్తవ్యం. కౌటిల్యుని ద్యూతాధ్యక్షుడు నూటికి ఐదు తీసుకున్నాడు. దానిని అభివృద్ధి అనలేదు. కనీసం ఆ పాటి స్పష్టతనైనా నేటి విధానపత్రాల నుంచి కోరే హక్కు పౌరులకు ఉంది.